పేను వంశపత్రము

పేనుకు పెత్తనమిచ్చినచో తలయంతయు కొరికినదని సామెత. పెత్తనము మాట యటుండనిండు, ఒక ప్రసంగమునకు చాలినంత చోటైనను దానికి ఇయ్యవచ్చునా యని మేము కొంత సంకోచించితిమి. సాయంకాలము ఇంటిల్లిపాదియు రేడియో చుట్టును చేరి వినుచుందురు. అది భోజనపు వేళకు ముందో వెనుకో అయియుండును. అట్టి వేళ పేనును తెచ్చి నడుమ కూర్చుండబెట్టుట మర్యాద కాదు. కాని దీనిని తెచ్చినవారము మేము కాము, ఒక గృహిణి వ్రాసిన ఉత్తరము.

ఆమె కూతురికి ఎనిమిదేండ్లు. తలలో పేలు కనబడినవని బడినుండి పిల్లను ఇంటికి పంపివేసిరట. పంపునపుడు, ఆ ఇంట శుభ్రత తక్కువ యను మాట పిల్ల చెవిని పడినది. ఇంటికి వచ్చిన పిదప అత్తగారు, "చెమటకు పుట్టు పురుగులమ్మా ఇవి, వేళకు తలంటి పోయకపోతివి" అనిరి. పిల్ల రెండు దినములు అన్నము సరిగా ముట్టలేదు. ఉత్తరము చివరనున్న ప్రశ్న ఇది: "అయ్యా, పేను దేనినుండి పుట్టును? మా ఇంటి మురికినుండియా?"

జవాబు ఒక్క వాక్యములో చెప్పవచ్చును. పేను పేనునుండియే పుట్టును. అయితే ఆ వాక్యమునకు వెనుక నున్న సాక్ష్యము మిక్కిలి వింతయైనది. దానిని శాస్త్రజ్ఞులు పూర్తిగా చూచినది 2009లోనే. అందువలన కొంత నిదానముగా చెప్పుటకు అనుమతి కోరుచున్నాము.

మొదట అత్తగారి పక్షమున ఒక మాట చెప్పవలెను. ఆమె చెప్పినది ఆమె కల్పించినది కాదు. మన పెద్దలు ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు తెగలుగా విభజించి, పేలను స్వేదజములలో, అనగా చెమటనుండి పుట్టు వానిలో చేర్చిరి. గ్రీసు దేశమున అరిస్టాటిలు కూడ పేను జంతువుల మాంసమునుండి పుట్టుననియే తలచెను. పదునేడవ శతాబ్దము చివర హాలెండులో లీవెన్‌హుక్ అను సూక్ష్మదర్శినుల నేర్పరి ఈ సంగతి తేల్చదలచి, ఆడపేలను ఒక నల్లని మేజోడులో ఉంచి, ఆ మేజోడును తన కాలికే తొడుగుకొని, కొన్ని దినములు ఓపికగా భరించి, అవి పెట్టిన గ్రుడ్లను లెక్కించెను. శాస్త్రమునకై పలువురు పలు త్యాగములు చేసియుందురు. దురద నోర్చుకొనుట వానిలో చిన్నదని మేమనుకొనము.

కనుక పేను అండజము. మన ఇండ్లలో ఈరు అనబడునదియే దాని గ్రుడ్డు. ఆడపేను వెండ్రుక మొదట దానిని బంకవంటి పదార్థముతో అతికించును. నీళ్లు పోసినను వదలదు. వారము పది దినములలో అది పగిలి పిల్ల వెలువడును. పేను ఎగురదు, దుముకదు. ఒక తలయు మరియొక తలయు ఆనుకొన్నపుడు వెండ్రుకనుండి వెండ్రుకకు నడచిపోవును. అది నడచివచ్చిన తల నిన్ననే కుంకుడుకాయతో రుద్దినదా, నెల క్రిందట రుద్దినదా యను విచారణ దానికి లేదు. దానికి కావలసినవి పట్టుకొనుటకు వెండ్రుకయు, వెచ్చని చర్మమును, దాని క్రింద రక్తమును. ఇంతమాత్రము చెప్పినను ఆ తల్లికి కొంత ఊరట కలుగవలెను.

ఇక సాక్ష్యమునకు వత్తము.

ప్రాణుల శరీరములన్నియు కణములతో కట్టబడినవి. ఆ కణములలో మైటోకాండ్రియా అను మిక్కిలి చిన్న భాగములున్నవి. సూక్ష్మదర్శినిలో ఇవి దారములవలెను రేణువులవలెను కనబడుటచే, 1898లో కార్ల్ బెండా అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ అర్థములుగల రెండు గ్రీకు మాటలను కలిపి ఈ పేరు పెట్టెను. వీనిని కణముల వంటయిండ్లనవచ్చును. తిన్న ఆహారమునుండియు, పీల్చిన ప్రాణవాయువునుండియు శక్తిని సిద్ధముచేసి పెట్టునవి ఇవియే. ఆ శక్తి ఏ.టి.పి. యను పదార్థ రూపమున, నాణెమువలె, కణమంతటను చెల్లుబడి యగును. ఈ నాణెమును 1929లో కనుగొన్నవారిలో మన తెలుగువారొకరుండుట ఇచట స్మరింపదగినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ పరిశోధన చేసిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దానిని కనుగొనెను. మన తలపై పేను నడచుటకును, దానిని వెదకి మన వ్రేళ్లు కదలుటకును ఖర్చగునది ఈ ఒక్క నాణెమే.

ఈ వంటయిండ్లు మొదట కణమునకు సొంతములు కావు. నూరు కోట్ల యేండ్లకు ఎంతో పూర్వము స్వతంత్రముగా జీవించుచుండిన ఒక బాక్టీరియా మరియొక కణములో ప్రవేశించి, అచటనే స్థిరపడి, ఇల్లరికపు అల్లునివలె ఆ ఇంటివాడైపోయినదని నేటి శాస్త్రము నమ్ముచున్నది. 1967లో లిన్ మార్గులిస్ ఈ వాదమును ప్రకటించినపుడు వినినవారు కొద్దిమంది. తరువాత సాక్ష్యములు పేరుకొని అది పాఠ్యపుస్తకములకు ఎక్కినది. అల్లుడు వచ్చునపుడు తన పుట్టింటి కాగితములు కొన్ని వెంట తెచ్చుకొన్నాడు. అనగా, కణము నడుమ కేంద్రకములో నుండు డి.ఎన్.ఏ. గాక, మైటోకాండ్రియాలో వేరుగా కొంత డి.ఎన్.ఏ. కలదు. దీనిని 1963లో స్టాక్‌హోమ్ నగరమున మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ దంపతులు కోడిపిండపు కణములలో చూచిరి. 1981లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు మనుష్యుని మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఏ.ను ఆద్యంతము చదివిరి. దానియందు 16,569 అక్షరములు, 37 జన్యువులు ఉన్నవి. వానిలో 13 జన్యువులు మాంసకృత్తులను తయారుచేయుటకు. మిగిలిన 24 ఆ తయారీకి కావలసిన పనిముట్లకు.

ఈ చిన్న గ్రంథము గురించి రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఒకటి, ఇది తల్లినుండియే సంక్రమించును. తండ్రి వాటా ఇందు లేదన్నను దాదాపు సరియే. రెండవది, ఇది ఒకే చక్రముగా, మొదలు తుద లేని వలయముగా ఉండును. మనుష్యునిలో అట్లే, కప్పలో అట్లే, ఈగలో అట్లే. జంతుప్రపంచమున కొద్దిపాటి మినహాయింపులు తప్ప, కోట్లకొలది సంవత్సరములుగా ఈ ఏర్పాటు చెదరలేదు.

చెదరకుండుటకు మంచి కారణము కనబడుచున్నది. మన పూర్వుల తాటాకు గ్రంథములను చూచినవారికి ఇది సులభముగా తెలియును. ఆకులన్నిటికి రంధ్రము చేసి, ఒకే త్రాట గ్రుచ్చి, చెక్కల నడుమ బిగించి కట్టెడివారు. ఆ కట్టను ఒకరు మరియొకరికి ఇచ్చినచో గ్రంథమంతయు ఒక్కసారిగా చేతులు మారును. ఒక ఆకు మిగిలి, ఒక ఆకు పోవుట జరుగదు. త్రాడు తెగినచో, ఇరువది విడి ఆకులను తరతరములకు ఒక్కటియు పోకుండ అందించుట ఎంత కష్టము! గ్రంథము చిన్నదైనకొలది ఒక ఆకు విలువ పెద్దదగును. ముప్పది యేడు జన్యువులలో ఒక్కటి లోపించినను ఆ వంటయింట పొయ్యి వెలుగదు.

సరిగా ఆ త్రాడే పేను వంశమున తెగిపోయినది.

కథ ఆస్ట్రేలియాలో మొదలగును. 2001లో బ్రిస్బేన్ నగరమందలి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున రెన్‌ఫూ షావో, స్టీఫెన్ బార్కర్ మొదలగువారు ఒక పేను మైటోకాండ్రియా గ్రంథమును మొట్టమొదటిసారిగా చదివిరి. అది మనుష్యుని పేను కాదు. కంగారూకు తమ్ముని వంటిదైన వాలబీ యను జంతువు ఒంటిమీది పేను. దాని చక్రము ఒక్కటిగనే యున్నది గాని, జన్యువుల వరుస మిగిలిన కీటకములలో వలె లేదు. పేకముక్కలను కలిపినట్లు తారుమారై యున్నది. ఇది మొదటి అనుమానము. తరువాత అమెరికాలో మనుష్యుని చీరపేను డి.ఎన్.ఏ. మొత్తమును చదువు పెద్ద ప్రయత్నము జరిగినది. ఆ రాశినుండి మైటోకాండ్రియా జన్యువులను ఏరి కూర్చుచుండగా పెద్ద చక్రము రాలేదు. చిన్నచిన్న చక్రములు వచ్చినవి. ఒక్కొక్కదానిలో మూడునాలుగు వేల అక్షరములు. జన్యువులు చూడబోయిన ఒకటి, రెండు, మహా అయిన మూడు. 2009లో షావో, ఎవన్ కర్క్‌నెస్, బార్కర్ ఈ సంగతి ప్రకటించునాటికి లెక్క తేలిన చక్రములు 18. 2012 నాటికి మిగిలిన జన్యువులు కూడ దొరకి, లెక్క 20 అయినది. తలపేనుకును చీరపేనుకును అదే సంఖ్య.

అంతవరకు ఎవ్వరును దీనిని చూడకపోవుటకు కారణము పరికరముల లోపము మాత్రమే కాదు. జంతువు మైటోకాండ్రియాలో చక్రము ఒక్కటే యుండునను నమ్మకము అంత బలమైనది. ఒక్క చక్రమునకై వెదకువానికి ఇరువది చక్రములు ఎదురుపడినను, తన ప్రయోగమే చెడినదని తోచును.

ఈ ఇరువది చక్రములను పరిశీలించినపుడు మరియొక విశేషము బయటపడినది. ప్రతి చక్రమందును జన్యువులు గాక, ఏ మాంసకృత్తును తయారుచేయని భాగమొకటి కలదు. ఆ భాగము ఇరువదింటిలోను ఇంచుమించు ఒకే తీరున నున్నది. మరల తాటాకులనే తలచుకొనుడు. మనవారు గ్రంథము మొదట శ్రీకారము చుట్టనిదే గంటము కదలించెడివారు కారు. ఆకులు విడిపోయినపుడు ప్రతి ఆకును తానే ఒక గ్రంథమైనది గనుక, ప్రతిదానిపైన వేరుగా శ్రీకారము ఉండవలసివచ్చినది. ఈ ఉమ్మడి భాగము ఆ శ్రీకారము వంటిది. నకలు తీయుటకు ప్రారంభస్థానము ఇచటనే యని ఊహించుచున్నారు. అప్పుడప్పుడు ఒక ఆకులోని ముక్క మరియొక ఆకులో అతుకుకొన్న గుర్తులు కూడ 2011లో షావో, బార్కర్‌లు చూపిరి. అనగా ఈ ఆకులు ఒకదానితో ఒకటి సంపర్కము లేక పడియున్నవి కావు. తమలో తాము ఇచ్చిపుచ్చుకొనుచున్నవి.

తక్కిన జంతువుల పేలు ఎట్లున్నవి? ఇచట సంఖ్యలు కొన్ని చెప్పక తప్పదు. పంది పేనులో చక్రములు 9. ఎలుక పేనులో 11. ఏనుగుకు ఒక ప్రత్యేకమైన పేనున్నది. ముట్టెవంటి పొడవైన మూతితో ఏనుగు దళసరి చర్మమును తొలుచునట్టిది. దానిలో 2015 నాటికి దొరకినవి 10. కోతులపై బ్రతుకు రెండు దగ్గరి జాతుల పేలలో ఒకదానికి 12, రెండవదానికి 14 ఉన్నట్లు 2020లో తెలిసినది. మనుష్యుని పేనుది వీనియన్నిటికంటె పెద్ద లెక్క. కొన్ని జాతులలో విడిపోయిన చక్రములు మరల కలిసిన ఆనవాళ్లును ఉన్నవి. ఉమ్మడి కుటుంబములు వేరుపడుటయు, పిదప ఇద్దరన్నదమ్ములు మరల ఒక పొయ్యికే చేరుటయు మనమెరుగని సంగతులు కావు.

2019లో ఈ విడిపోవుటనే పట్టుకొని పేల బంధుత్వమును నిర్ణయించిరి. రక్తము పీల్చు పేలును, ఏనుగు పేనును, ఆవులు కుక్కలు మొదలగువాని ఒంటిపై చర్మపు పొట్టును కొరికి తిను పేలును చూచుటకు వేరువేరు తెగలు. మూతులు వేరు, తిండి వేరు. కాని మూడింటిలోను మైటోకాండ్రియా చక్రము చిన్నచక్రములుగా విడిపోయియే యున్నది. వీనియన్నిటికి ఒక ఉమ్మడి పూర్వీకురాలు కలదనియు, త్రాడు తెగినది ఆమె నాటనే యనియు ఆ పరిశోధకుల నిర్ణయము. అటు పిమ్మట పక్షుల ఈకలలో నుండు పేలను వెదకగా, వానిలో కొన్నిట చక్రము ఒక్కటిగను, కొన్నిట ముక్కలుగను కనబడినది. అనగా ఇది ఒకసారి జరిగిన ప్రమాదము కాదు. పేను వంశమున పలుమారులు వేరువేరుగా జరిగినది. పాత పుస్తకములలోను ధాన్యపు బస్తాలలోను తిరుగు మెత్తని చిన్న పురుగును మీరు చూచియుందురు. రక్తము ముట్టని ఆ సాధుజీవి పేనుకు దగ్గరి చుట్టము. ఆ చుట్టములలో ఒక జాతికి చక్రములు రెండు. తెగుట అను లక్షణమేదో ఆ ఇంటిపేరులోనే ఉన్నట్లున్నది.

ఎందువలన తెగినది? శాస్త్రజ్ఞులను అడుగగా వేరువేరు జవాబులు వచ్చుచున్నవి. అన్నియు సమానముగా నిలుచుట లేదు.

రక్తాహారము కారణమని మొదట కొందరనిరి. ఈ ఊహ వినుటకు ఇంపుగా నున్నది గాని ఎంతోకాలము బ్రతుకలేదు. పొట్టు తిను ఆవు పేనులోను, ఈకలు తిను కొన్ని పక్షిపేలలోను చక్రము తెగియే యున్నది. దోమయు నల్లియు రక్తము త్రాగియే బ్రతుకుచున్నను వాని చక్రము చెదరలేదు. జీవితకాలపు నిడివికిని ముక్కల సంఖ్యకును సంబంధముండవచ్చునని ఎలుక పేలను పరిశీలించినవారు 2014లో సూచించిరి. ఇంకొక సూచన మాకు మరింత ఆలోచింపదగినదిగా తోచినది. మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఏ.కు నకలు తీయునపుడు, విప్పిన పోగు చిక్కుపడకుండ పట్టియుంచు మాంసకృత్తు ఒకటి కలదు. దాని జన్యువుండునది మైటోకాండ్రియాలో కాదు, కేంద్రకములో. మనుష్యుని పేను డి.ఎన్.ఏ.లో ఆ జన్యువు జాడ దొరకలేదనియు, చక్రము ముక్కలగుటకు అదియే కారణము కావచ్చుననియు 2011లో స్టీఫెన్ కెమరాన్ మొదలగువారు వ్రాసిరి. వ్రాయసకాని ప్రక్కన ఆకును కదలకుండ పట్టు పిల్లవాడు మానుకొన్నచో పొడవైన ఆకులు నిలువవు గదా! పొట్టి ఆకులైనచో గంటము జారకమునుపే పని ముగియును.

మేము శాస్త్రజ్ఞులము కాము. వారు వ్రాసినదానిని చదివి మీకు చెప్పువారము. అయినను ఒక అభిప్రాయము చెప్పుట తప్పు కాదేమో. పేను బ్రతుకు తీరును చూచినచో ఇట్టి మార్పులు నిలుచుటకు అనువైన చోటు అదియే యనిపించును. ఒక తలపై చేరునవి ఒకటి రెండు పేలు; వాని సంతానములోనే వానికి సంబంధములు. అట్టి చిన్న ఊళ్లలో మంచి మార్పునకు గాని, కొద్దిపాటి చెడు మార్పునకు గాని అడ్డు చెప్పువారు తక్కువ. పెద్ద జనసంఖ్యలో కొట్టుకొనిపోవలసిన మార్పు ఇచట అదృష్టవశమున నాటుకొనిపోవును. అట్లు నాటుకొన్నదానికి మూల్యము లేకపోలేదు. చక్రములు ముక్కలైన జాతులలో జన్యువుల మార్పు మరింత వేగముగా జరుగుచున్నదని 2024లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. ముక్కలగుటవలన వేగము వచ్చినదా, వేగమువలన ముక్కలైనదా యన్నది ఇంకను తేలవలసియున్నది.

ఈ మార్పుల వేగమునే గడియారముగా వాడుకొన్నవారున్నారు. రెండు పేల జన్యువులలో తేడాలెన్నియో లెక్కించి, అన్ని తేడాలు చేరుటకు ఎంతకాలము పట్టునో అంచనావేయుట ఈ పద్ధతి. తలపేను తలను విడిచి చీరపేనుగా ఎప్పుడు మారినది? మనుష్యుడు ఒంటిపై బట్ట నిలుపుటకు పూర్వము చీరపేనుకు నిలువ నీడ లేదు. కావున దాని వయస్సు తెలిసినచో మన బట్ట వయస్సు తెలియును. 2003లో జర్మనీనుండి వచ్చిన లెక్క సుమారు 72,000 ఏండ్లు. 2011లో అమెరికా శాస్త్రజ్ఞులు మరింత జాగ్రత్తగా గణించి, కనీసము 83,000 ఏండ్లనియు, 1,70,000 ఏండ్ల వరకును పోవచ్చుననియు తేల్చిరి. తోలు, నార, బట్ట మట్టిలో కలిసిపోవును. వానిని త్రవ్వి తీసి చూపుట అరుదు. ఎముకలు చెప్పలేని సంగతిని పేను చెప్పినది. మనుష్యులకును చింపాంజీలకును ఉమ్మడి పూర్వులుండిన కాలముననే, సుమారు 50, 60 లక్షల ఏండ్ల క్రిందట, వారి పేలును వేరుపడినవని కూడ ఈ గడియారమే చెప్పుచున్నది. మనుష్యుని ఒంటినే నివసించు మరియొక జాతి పేను గొరిల్లాల పేనుకు అక్కచెల్లెలు. ఆ కథ ఇంటిల్లిపాదియు వినుచున్న వేళ విప్పి చెప్పనక్కరలేదు.

చీరపేను ప్రస్తావన వచ్చినది గనుక తల్లికి తెలియవలసిన భేదమొకటి చెప్పెదము. విషజ్వరములలో టైఫస్ అనునది ఒకటి. యుద్ధములందు, చెరసాలలందు, కరవులందు లక్షలకొలది జనులు దానిచే మరణించిరి. దానిని వ్యాపింపజేయునది చీరపేనని 1909లో ట్యూనిస్ నగరమున షార్ల్ నికోల్ నిరూపించెను. రోగుల బట్టలు విప్పి స్నానము చేయించి ఆసుపత్రిలోనికి తీసికొనిన పిదప వారినుండి ఎవ్వరికిని రోగము అంటకపోవుట ఆయన గమనించెను. అందుకై 1928లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. చీరపేను నిజముగనే మార్చని, ఉతుకని బట్టల పురుగు. దారిద్ర్యమునకును దానికిని పొత్తు గలదు. తలపేనుకు అట్టి పొత్తు లేదు, సాధారణముగా అది ఆ జ్వరమును తేదు. రెండింటి అపకీర్తియు ఒకే తలపై రుద్దుట వలన ఎందరో పిల్లలు నిష్కారణముగా సిగ్గుపడిరి.

ఆ టైఫస్ సూక్ష్మజీవికి రికెట్సియా ప్రొవజెకి యని పేరు. దానిని పరిశోధించుచు దానికే బలియైన రికెట్స్, ప్రొవజెక్ అను ఇద్దరి పేరిట 1916లో ఆ నామకరణము జరిగినది. 1998లో దాని డి.ఎన్.ఏ. మొత్తమును, సుమారు 11 లక్షల అక్షరములను, స్వీడన్ శాస్త్రజ్ఞులు చదివి చూడగా, మైటోకాండ్రియాకు బాక్టీరియాలలో అతి దగ్గరి బంధువులలో ఒకటి ఇదియే యని తేలినది. ఒకే వంశమున పుట్టిన రెండు శాఖలలో ఒకటి కణములో కాపురముండి అన్నము వండుచున్నది. మరియొకటి అదే కణములో చొరబడి ఇల్లు కూల్చుచున్నది. రెండును పేను కడుపులో కలిసికొనుచున్నవి. రికెట్సియా సోకిన పేను తానును బ్రతుకదు. ప్రేగులు చితికి, ఒళ్లెర్రబడి చచ్చును. పేను మీద జాలిపడుటకు మాకు దొరకిన ఒకే ఒక సందర్భమిది.

ఇక ఉత్తరమునకు వత్తము. అమ్మా, మీ పాప తలలోని పేలు మీ ఇంటి మురికిలో పుట్టలేదు. ఏదో ఒక స్నేహితురాలి తలనుండి, ఇద్దరును తలలానించి గుసగుసలాడుచుండగానో, ఒకే చాపమీద పండుకొనగానో నడచివచ్చినవి. ఆ స్నేహితురాలికిని అట్లే వచ్చినవి. తలను తడిపి, సన్నని ఈర్పెనతో వెండ్రుకల మొదలునుండి కొసవరకు పాయలు పాయలుగా దువ్వుడు. ఈర్లు పగులుటకు వారము పది దినములు పట్టునని చెప్పితిమి గదా. కావున ఒకనాటితో మానక రెండు వారములు, రెండు మూడు దినములకొకసారి దువ్వవలెను. ఇంటివారందరి తలలను అదే దినమున చూచుట మేలు. అత్తగారి తలను కూడ. కిరసనాయిలు పూయుట కొన్ని ఇండ్లలో వాడుక. అది నిప్పునకు దగ్గరి చుట్టము, పిల్లల కండ్లకును చర్మమునకును హాని. దానిని దరికి రానీయకుడు. పేలు మిక్కుటముగా నున్నచో వైద్యుని అడిగి మందు వాడవచ్చును.

దువ్వెన పండ్లనడుమ చిక్కిన ఈరును గోటిపై నొక్కుటకు ముందు ఒక్క క్షణము వెలుతురులో పెట్టి చూడుడు. నువ్వుగింజకంటెను చిన్నది. కాళ్లింకను ఏర్పడలేదు, మూతి ఏర్పడలేదు. అయినను తల్లిపేను అందించిన ఆకులు ఇరువదియు, ఒక్కొక్కదాని మొదట దాని శ్రీకారముతో సహా, అప్పటికే అందు చేరియున్నవి. అన్నింటిని ఒక్కటియు తప్పకుండ ప్రతి గ్రుడ్డులోనికి ఆ తల్లి ఎట్లు చేర్చుచున్నదో పరిశోధనశాలలలో ఇంకను వెదకుచున్నారు.

పాపను బడికి పంపవచ్చును. జడ కొంచెము బిగించి వేయుడు.